ఉబ్బసానికి ఏ స్టెరాయిడ్ పంపు కొనాలి? రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొని పంపే సంస్థల మేనేజింగ్ డైరెక్టర్లకు,

నమస్కారం.

ఈసారి మందుల టెండరు పిలిచేటప్పుడు ఉబ్బసం పద్దులో తాత్కాలిక ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ ఒక్కటి రాసి వదిలేయకండి. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పంపు (ఇన్హేలర్), దానికి గాలి గొట్టాలు తెరిచే ఫార్మోటెరాల్ కలిపిన పంపు, వాటికి సరిపడా స్పేసర్లు (పంపుకూ నోటికీ మధ్య తగిలించే బోలు గొట్టాలు) కొనండి. ఇప్పటికే మీ జాబితాలో ఉంటే, అవి పీహెచ్‌సీ అరలోకి, అక్కణ్నుంచి రోగి చేతిలోకి నెలనెలా చేరుతున్నాయో లేదో చూడండి. మా విన్నపం ఇంతే. ఇన్ని స్టెరాయిడ్లు ఉండగా బుడెసొనైడే ఎందుకు, ఏ బలంలో కొనాలి, మనిషికి ఏడాదికి ఎన్ని కావాలి, కొన్నాక పని ఎక్కడ చెడుతుంది అన్నవి వివరంగా రాస్తున్నాం.

ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవాళ్లలో మన దేశం వాటా దాదాపు 13 శాతం. ఉబ్బసంతో చనిపోయేవాళ్లలో మాత్రం 42 శాతం దాకా మనవాళ్లే. 2019 నాటి అంచనాలివి. జబ్బు ఉన్నవాళ్ల లెక్కకూ పోయేవాళ్ల లెక్కకూ ఇంత తేడా ఉందంటే లోపం వైద్యంలో ఉన్నట్టే. గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ మన దేశంలో చేసిన సర్వేలో రోజూ పీల్చే స్టెరాయిడ్ వాడేవాళ్లు పది శాతం లోపే తేలారు. మిగతావాళ్లకు అందేది ఏమిటో మీకు తెలియనిది కాదు. సాల్బుటమాల్ మాత్రలు, డెరిఫిలిన్, ఆయాసం ముదిరితే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది, స్థోమత ఉంటే నీలం పంపు, అంటే సాల్బుటమాల్ పంపు.

ఉబ్బసంలో గాలి గొట్టాలు బిగుసుకోవడం పైకి కనిపించే భాగం. కింద ఉన్నది వాపు. పిల్లికూతలు లేని రోజున కూడా గొట్టాల లోపలి పొర వాచే ఉంటుంది, కఫం పేరుకుంటూ ఉంటుంది. సాల్బుటమాల్ బిగుతును నాలుగైదు గంటలు సడలిస్తుంది, వాపు జోలికి పోదు. చెమ్మ పట్టిన గోడకు సున్నం కొట్టినట్టే. పైగా ఉపశమనం చిటికెలో దొరకడంతో రోగి జబ్బు నయమవుతోందనుకుంటాడు. 200 మోతాదుల సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి 3 లేదా అంతకంటే ఎక్కువ ఖర్చయ్యేవాళ్లలో తీవ్రమైన దాడులు పెరుగుతాయనీ, నెలకొకటి చొప్పున 12 దాటితే చావు ముప్పే పెరుగుతుందనీ అనేక అధ్యయనాలు చెప్పాయి. అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే ‘గినా’ 2019లో, పెద్దలకూ 12 ఏళ్లు దాటిన పిల్లలకూ స్టెరాయిడ్ లేకుండా సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చే పద్ధతిని సిఫారసుల్లోంచి తీసేసింది. ఇక స్టెరాయిడ్ సంగతి చూస్తే, కెనడా రోగుల రికార్డులపై 2000లో వెలువడిన అధ్యయనంలో, అంతకుముందు ఏడాదిలో అదనంగా వాడిన ఒక్కో స్టెరాయిడ్ డబ్బాకు ఉబ్బసం మరణాల రేటు 21 శాతం చొప్పున తగ్గుతూ పోయింది. మీరు కొనే వస్తువు విలువ డబ్బాల లెక్కన ఇంత స్పష్టంగా తెలిసిన సందర్భాలు వైద్యంలో తక్కువ.

ఇప్పుడు ఏ స్టెరాయిడ్ అన్న ప్రశ్న. బజారులో పీల్చే స్టెరాయిడ్లు ప్రధానంగా ఆరు: బెక్లోమెథసోన్, బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ ప్రొపియొనేట్, ఫ్లూటికసోన్ ఫ్యూరోయేట్, మొమెటసోన్, సిక్లెసొనైడ్. కంపెనీల ప్రతినిధులు ఒకటి రెండోదానికంటే ఎన్ని రెట్లు శక్తిమంతమో బొమ్మలేసి చూపిస్తారు. ఆ అంకెలు అబద్ధాలు కావు. కణంలోని స్టెరాయిడ్ గ్రాహకానికి అతుక్కునే బలంలో డెక్సామెథసోన్‌ను 100 అనుకుంటే బుడెసొనైడ్ దాదాపు 935, ఫ్లూటికసోన్ ప్రొపియొనేట్ దాదాపు 1800, ఫ్లూటికసోన్ ఫ్యూరోయేట్ 3000కు దగ్గర. కానీ దీన్నిబట్టి తెలిసేది మోతాదు ఎంత తక్కువ సరిపోతుందన్నదే. ఎక్కువ అతుక్కునే మందు ఎక్కువ నయం చేస్తుందని కాదు. సరైన మోతాదులో, సరిగ్గా పీలిస్తే ఆరూ పని చేస్తాయి. వీటి మధ్య అసలు తేడాలు వేరేచోట ఉన్నాయి: మింగిన భాగం రక్తంలోకి ఎంత చేరుతుంది, రోజుకు ఎన్నిసార్లు తీసుకోవాలి, ఏ పరికరంలో దొరుకుతుంది, ఏ మందుతో జోడీ కుదురుతుంది.

పంపు నొక్కినప్పుడు మందంతా ఊపిరితిత్తుల్లోకి పోదు. మామూలు పంపుతో, స్పేసర్ లేకుండా పీలిస్తే లోపలికి చేరేది 10 నుంచి 20 శాతం. మిగతాది గొంతుకు తగిలి కడుపులోకి పోతుంది. అలా మింగిన ఫ్లూటికసోన్‌లో, మొమెటసోన్‌లో, సిక్లెసొనైడ్‌లో ఒక శాతం అటూ ఇటుగా మాత్రమే కాలేయాన్ని దాటి రక్తంలో కలుస్తుంది. బుడెసొనైడ్‌లో దాదాపు 11 శాతం. బెక్లోమెథసోన్‌లో ఇంకా ఎక్కువ. ఈ లెక్క ఒక్కటే చూస్తే బుడెసొనైడ్ మధ్యలో నిలబడుతుంది. అయితే మింగేదాన్ని స్పేసర్‌తో, నోరు పుక్కిలించి ఉమ్మేయడంతో బాగా తగ్గించవచ్చు. ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి పోయేది మాత్రం ఏ మందుకైనా ఉంటుంది. అందుకే ఫ్లూటికసోన్ మింగితే చేరదు కదా అని రోజుకు 1000 మైక్రోగ్రాములు రాస్తే ఒంట్లో సహజ స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి మందగిస్తుంది. పిల్లల్లో ఇలా రక్తంలో చక్కెర పడిపోయి ఆసుపత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

సిక్లెసొనైడ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లాకే అసలు మందుగా మారుతుంది కాబట్టి నోటిపూత, గొంతు బొంగురు తక్కువ. ఫ్లూటికసోన్ ఫ్యూరోయేట్ రోజుకు ఒక్కసారి పీలిస్తే చాలు. రెండూ మంచి మందులే, ప్రత్యేక వైద్యుల చేతిలో ఉండదగినవి. పీహెచ్‌సీకి అవసరం లేదు.

బెక్లోమెథసోన్ పాతది, చౌకది, కానీ దీనిలో టెండరు రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. దీని తుంపర రెండు రకాలు: మామూలు రేణువులది, అతి సన్న రేణువులది. సన్నదానిలో ఎక్కువ భాగం లోతైన గొట్టాల దాకా పోతుంది. అందుకే పెద్దలకు తక్కువ మోతాదు అంటే మామూలుదానిలో రోజుకు 200–500 మైక్రోగ్రాములు, సన్నదానిలో 100–200 మాత్రమే. టెండరులో ‘బెక్లోమెథసోన్ ఇన్హేలర్’ అని మాత్రమే రాసి, ఒక ఏడాది ఒక రకం, మరుసటేడాది ఇంకో రకం వస్తే, చీటీ మారకుండానే రోగి మోతాదు రెట్టింపో సగమో అయిపోతుంది. బ్రిటన్‌లో ఔషధ నియంత్రణ సంస్థ ఈ గొడవతోనే 2008లో బెక్లోమెథసోన్‌ను బ్రాండు పేరుతో రాయమంది. మనం జెనరిక్ పేరుతో కొంటాం, కొనాలి కూడా. కాబట్టి ఈ మెలిక లేని మందును ఎంచుకోవడమే తెలివి.

బుడెసొనైడ్ వైపు మేము మొగ్గడానికి కారణాలివి. 2022 జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఇది విడిగానూ ఉంది, ఫార్మోటెరాల్‌తో కలిపీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ అంతే. పంపు, పొడిని పీల్చే క్యాప్సూల్, నెబ్యులైజర్ (మందును సన్న తుంపరగా మార్చే యంత్రం) ద్రావకం మూడు రూపాల్లో దొరుకుతుంది. గర్భిణులు వాడినప్పుడు ఏమవుతుందన్న సమాచారం పీల్చే స్టెరాయిడ్లన్నింటిలో దీనికే ఎక్కువగా ఉంది, భరోసా ఇచ్చేదిగానే ఉంది. కడుపుతో ఉన్నామని పంపు మానేసి, ఏడో నెలలో ఆయాసంతో వచ్చే ఆడవాళ్లున్న చోట ఇది చిన్న విషయం కాదు. పిల్లల ఎదుగుదల మీద ప్రభావం కూడా ఏళ్ల తరబడి కొలిచారు: అమెరికాలో రోజుకు 400 మైక్రోగ్రాములు నాలుగేళ్లకు పైగా పీల్చిన పిల్లలు పెద్దయ్యాక, మందు లేని డబ్బా పీల్చినవాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తున్నారు. తల్లిదండ్రులకు ఈ అంకె దాచకుండా చెప్పాలని మా అభిప్రాయం. నెలకోసారి ఆసుపత్రిలో చేరే పిల్లవాడికి అదేమంత పెద్ద ధర కాదని వాళ్లే గ్రహిస్తారు.

మోతాదుల సంగతి. పెద్దలకు బుడెసొనైడ్ తక్కువ మోతాదు రోజుకు 200–400 మైక్రోగ్రాములు, 400 దాటి 800 దాకా మధ్యస్థం, 800 దాటితే ఎక్కువ. ఫ్లూటికసోన్ ప్రొపియొనేట్ అయితే 100–250, 500 దాకా, 500 పైన. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు బుడెసొనైడ్ 100–200 తక్కువ, 400 దాకా మధ్యస్థం. ఈ మెట్లు చూసి, ఎక్కువైతే ఎక్కువ మేలనుకోవద్దు. పీల్చే స్టెరాయిడ్‌తో రావాల్సిన మేలులో 80–90 శాతం తక్కువ మోతాదులోనే వచ్చేస్తుంది. అక్కణ్నుంచి పైకి పోతే మేలు గోరంత పెరుగుతుంది, నోటిపూత, కంటిపొర, ఎముక పలచబడటం లాంటివి ఎక్కువ పెరుగుతాయి. తక్కువ మోతాదుతో అదుపు కాని రోగికి మోతాదు పెంచే ముందు పీల్చే తీరు చూడాలి, తర్వాత ఫార్మోటెరాల్ కలపాలి. మోతాదు పెంపు ఆ తర్వాతి మాట.

ఫార్మోటెరాల్ దగ్గరే మొత్తం పోలిక తేలిపోతుంది. సాల్మెటెరాల్ కూడా 12 గంటలు పనిచేస్తుంది, కానీ మొదలవడానికి పావుగంట పైనే పడుతుంది. ఫార్మోటెరాల్ రెండు మూడు నిమిషాల్లో గొట్టాలను తెరుస్తుంది. అందువల్ల బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ ఒకే డబ్బా ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనానికీ, రోజువారీ నియంత్రణకూ పనికొస్తుంది. ఉపశమనం కోసం నొక్కిన ప్రతిసారీ కొంత స్టెరాయిడ్ లోపలికి పోతుంది. జబ్బు పెరిగే రోజున మందూ దానంతటదే పెరుగుతుంది. ఫ్లూటికసోన్-సాల్మెటెరాల్ పంపుకు ఈ సౌకర్యం లేదు. దాన్ని వాడే రోగి పక్కన నీలం పంపు కూడా పెట్టుకోవాలి, అప్పుడు మళ్లీ నీలం పంపే మిగులుతుంది. 2018లో వెలువడిన ‘సిగ్మా’ పరీక్షల్లో తేలికపాటి ఉబ్బసం ఉన్నవాళ్లు బుడెసొనైడ్-ఫార్మోటెరాల్‌ను అవసరమైనప్పుడు మాత్రమే పీల్చినా, తీవ్రమైన దాడుల విషయంలో రోజూ రెండుపూటలా బుడెసొనైడ్ రాయించుకున్నవాళ్లకు తీసిపోలేదు. వాళ్ల ఒంట్లోకి పోయిన స్టెరాయిడ్ నాలుగో వంతే.

వాడే తీరు చెప్తాం. 200/6 బలంలో (ఒక్కో నొక్కుకు బుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు), 12 ఏళ్లు దాటినవాళ్లు ఆయాసం వచ్చినప్పుడు ఒక పఫ్, అంటే ఒక నొక్కు. కొన్ని నిమిషాలకు తగ్గకపోతే ఇంకొకటి. ఒక దఫాలో 6కు మించకూడదు, రోజువారీ పఫ్‌లతో కలిపి 24 గంటల్లో 12 దాటకూడదు. ఆ దరిదాపులకు వచ్చారంటే ఇంట్లో ఉండాల్సిన పరిస్థితి కాదు. జబ్బు మధ్యస్థంగా ఉన్నవాళ్లు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి క్రమంగా తీసుకుంటూ అవసరానికి అదే డబ్బా వాడుకోవాలి. 400/6 బలాన్ని మాత్రం ఉపశమనానికి వాడకూడదు. ఒక్కో నొక్కుకు అంత స్టెరాయిడ్ పోతే రోజు చివరికి మోతాదు చేయి దాటిపోతుంది. జాతీయ జాబితాలో ఉంది కదా అని 400/6 ను పీహెచ్‌సీలకు పంపితే ఈ తప్పు తప్పకుండా జరుగుతుంది. అది జిల్లా ఆసుపత్రి దగ్గరే ఉండనివ్వండి.

ఇక్కడ చిన్న గందరగోళం గురించి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే పెద్దవాళ్ల చీటీల్లో 160/4.5 అని ఉంటుంది, ఇక్కడి డబ్బాలో 200/6. కంగారు పడనక్కర్లేదు. ఇక్కడ రాసేది డబ్బాలోంచి కొలిచి వదిలిన మోతాదు, అక్కడ రాసేది నోటి గొట్టం దాటి బయటికొచ్చిన మోతాదు. రెండూ ఒకటే. ఫార్మసిస్టు తక్కువ బలమనుకుని 400/6 చేతిలో పెట్టకూడదు.

కొనుగోలు లెక్క. తక్కువ మోతాదులో రోజుకు 400 మైక్రోగ్రాములు పీల్చే పెద్ద మనిషికి 200 మైక్రోగ్రాముల పంపు ఇస్తే రోజుకు 2 పఫ్‌లు, 200 మోతాదుల డబ్బా 100 రోజులు వస్తుంది. ఏడాదికి నాలుగు డబ్బాలు చాలు. అదే మనిషికి 100 మైక్రోగ్రాముల డబ్బా ఇస్తే రోజుకు 4 పఫ్‌లు, 50 రోజులకే ఖాళీ, ఏడాదికి 7 దాటి 8 కావాలి. 100 బలం విడి ధర తక్కువ కాబట్టి ‘ఎల్-1’ (అతి తక్కువ ధర) పోటీలో అదే గెలిచి, అందరికీ అదే పంపితే ఖర్చు మిగలకపోగా, నాలుగు పఫ్‌లు పీల్చలేక రోగి రెండింటితో సరిపెట్టుకుంటాడు. 100 బలం పిల్లలకు, 200 పెద్దలకు అని ఇండెంట్‌లోనే విడదీయండి. 200/6 జోడీ పంపు 120 మోతాదులదైతే రోజుకు 2 పఫ్‌ల లెక్కన 60 రోజులు, అవసరానికి నొక్కేవి కలిపి ఏడాదికి మనిషికి ఎనిమిది వేసుకుంటే కొరత పడదు. ధరలు పోల్చేటప్పుడు డబ్బా ధరను కాకుండా ఒక రోజు వైద్యానికి అయ్యే ధరను పోల్చమని టెండరు కమిటీకి మా మనవి.

పరికరం విషయంలో తొందరపడితే మంచి మందు కూడా వృథా. మన దగ్గర ఉన్నవి రెండు దారులు: నొక్కే పంపు, క్యాప్సూల్ పొడిని పీల్చే యంత్రం. పంపును నెమ్మదిగా, మూడు నాలుగు సెకన్ల పాటు లోతుగా పీల్చాలి. పొడిని గట్టిగా, ఒక్క ఊపున లాగాలి. ఒకదానికి అలవాటు పడ్డ రోగికి టెండరు మారిందని రెండోది ఇచ్చి, చూపించకుండా పంపితే పంపును గట్టిగా లాగుతాడు, పొడిని మెల్లగా పీలుస్తాడు. రెండు మందులూ గొంతులోనే ఆగిపోతాయి. ఆయాసంలో ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, ఆరేళ్ల లోపు పిల్లలు పొడిని లాగలేరు. పైగా క్యాప్సూల్ తేమకు మెత్తబడుతుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం గాలిలో మూత వదులైన సీసాలోని క్యాప్సూళ్లు వారానికే పొడి ముద్దకట్టి సరిగా రాలవు. క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు కూడా తక్కువేమీ కాదు. మాత్రల కవర్లో వేసి ఇస్తే ఎవరైనా మింగుతారు, అందులో రోగి తప్పేముంది? అందుకని పీహెచ్‌సీ స్థాయిలో పంపు, స్పేసర్ ప్రధానంగా ఉండాలని మా మాట. క్యాప్సూళ్లు కొన్నచోట యంత్రమూ క్యాప్సూళ్లూ ఒకే సరఫరాదారు నుంచి, ఒకదానికొకటి సరిపోయేవి కొనాలి.

స్పేసర్ లేని పంపు సగం పంపే. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో కుదరకపోయినా స్పేసర్‌తో పనవుతుంది. గొంతుకు తగిలే పెద్ద తుంపర దాని గోడలకే ఆగిపోతుంది. డబ్బాను కదిపి, స్పేసర్ వెనక తగిలించి, ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా ఒక లోతైన శ్వాస తీసి పది సెకన్లు బిగపట్టాలి. అలా బిగపట్టలేని పిల్లలు మామూలుగా ఐదు శ్వాసలు తీస్తే చాలు. రెండో పఫ్‌కు మళ్లీ కదిపి మళ్లీ నొక్కాలి. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కి పీలిస్తే తుంపరలు ఒకదానికొకటి తగిలి గోడలకే అంటుకుంటాయి. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్ కావాలి, మాస్కు ముఖానికి అంటి ఉండాలి. వేలి సందు వదిలినా మందు బయటికే. కొత్త ప్లాస్టిక్ స్పేసర్‌కు గోడల మీద స్థిర విద్యుత్తు ఉండి మందును లాగేసుకుంటుంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో ముంచి, తుడవకుండా గాలికి ఆరనిచ్చి వాడాలి, తర్వాత నెలకోసారి అలాగే. గుడ్డతో తుడిస్తే మళ్లీ మొదటికొస్తుంది. సరఫరా ఆలస్యమైనప్పుడు అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున పంపు మూతికి సరిపడా రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా అతికించి వాడవచ్చు. దక్షిణాఫ్రికాలో ఉబ్బసం దాడిలో ఉన్న పిల్లల మీద పరీక్షించినప్పుడు కంపెనీ స్పేసర్‌తో సమానంగా గొట్టాలు తెరుచుకున్నాయని 1999లో ప్రచురించారు. అతికించకుండా వదిలేసిన సీసా అంత బాగా పనిచేయలేదు, థర్మోకోల్ కప్పు అసలు పనికిరాలేదు.

నెబ్యులైజర్ మోజు కూడా తగ్గాలి. ఇంట్లో రోజువారీ నియంత్రణకు అది అక్కర్లేదు. బుడెసొనైడ్ ద్రావకం నిజానికి ద్రవంలో తేలే సన్న పొడి. అల్ట్రాసోనిక్ యంత్రంలో పోస్తే నీళ్లు ఆవిరవుతాయి, మందు అడుగున మిగులుతుంది. కొనేటప్పుడు జెట్ రకమే అడగాలి.

డబ్బాలో మందు ఎంత ఉందో తెలియడానికి నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని నమ్మకూడదు. మందు అయిపోయాక కూడా వాయువు మిగిలి ఉంటుంది, నొక్కితే తుంపర వస్తూనే ఉంటుంది. మోతాదుల లెక్క చూపే కౌంటర్ ఉన్న డబ్బాలే కొనండి. వేసవిలో రెంటచింతల, రామగుండం ఎండలకు రేకుల గదిలో పెట్టిన సరుకు పాడవుతుంది, గోదాముల్లో 30 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

కొనడం ఒక ఎత్తు, ఇవ్వడం మరో ఎత్తు. జ్వరం మందులాగా పది రోజులకు సరిపడా ఇచ్చి పంపితే రోగి మళ్లీ రాడు, ఎందుకంటే వారం పది రోజుల్లోనే బాగుంటుంది. బాగుండటం అప్పుడే మొదలైంది, పూర్తి ఫలితానికి నెలలు పడుతుంది. బీపీ, షుగరు మందులు నెలకు సరిపడా ఇస్తున్నారు. అసంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో ఉబ్బసాన్నీ చేర్చారు కాబట్టి దీన్నీ అదే రిజిస్టరులో ఎక్కించండి, కనీసం రెండు నెలలకు ఇవ్వండి. రెండు మూడు నెలలకోసారి చూసి, మూడు నెలలు అదుపులో ఉంటే మోతాదు పావు నుంచి సగం తగ్గించవచ్చు. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపేయకూడదు. పీహెచ్‌సీకి ఒక పీక్‌ఫ్లో మీటరు (రోగి ఊదే గాలి వేగాన్ని కొలిచేది) ఉంటే తగ్గించిన తర్వాత పడిపోతోందో లేదో రోగి చెప్పకముందే తెలుస్తుంది.

పర్యవేక్షణకు కొత్త యాప్ ఏదీ అడగం. మందుల నిల్వల లెక్కలుండే ‘ఈ-ఔషధి’లో ఒక్కో కేంద్రం సాల్బుటమాల్ పంపులెన్ని, స్టెరాయిడ్ పంపులెన్ని ఇచ్చిందో నెలకోసారి పక్కపక్కన పెట్టి చూడండి. నీలం పంపులు పది పోతే స్టెరాయిడ్ ఒకటీ రెండూ పోయిన కేంద్రంలో ఉబ్బసం వైద్యం జరగడం లేదు. అంతకన్నా మంచి సూచిక మాకు తోచలేదు. అత్యవసర గదిలో మాత్రం సాల్బుటమాల్ ఉండాలి: స్పేసర్‌తో 4 నుంచి 10 పఫ్‌లు, మొదటి గంటలో 20 నిమిషాలకోసారి.

ఫార్మసిస్టులకు, వైద్యాధికారులకు ఇచ్చే శిక్షణలో రెండు మందుల జాగ్రత్త తప్పనిసరి. హెచ్‌ఐవీ మందుల్లో రిటోనావిర్ ఉన్నవాళ్లు బుడెసొనైడ్ గానీ ఫ్లూటికసోన్ గానీ పీలిస్తే కాలేయం వాటిని విరవలేదు. పీల్చిన కొద్దిపాటి మందే ఒంట్లో పేరుకుని ముఖం ఉబ్బుతుంది, అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. వాళ్లకు బెక్లోమెథసోన్ మేలు. అందుకే దాన్ని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ వైద్యం) కేంద్రాలున్న ఆసుపత్రుల జాబితాలో కొద్దిగా ఉంచండి, రేణువు రకం రాసి మరీ. రెండోది ఇట్రాకొనజోల్. తామరకు ఇప్పుడు నెలల తరబడి అదే వాడుతున్నారు. అదీ ఇదే పని చేస్తుంది. పంపు వాడే రోగిని చర్మం మందులేమైనా మింగుతున్నావా అని అడిగే అలవాటు ఎక్కడా కనిపించదు.

‘స్టెరాయిడ్’ అన్న మాటకే రోగి భయపడతాడు. ఆ భయం మాత్రల విషయంలో న్యాయమైనదే. ఆయాసం ముదిరితే పెద్దలకు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులకు 200 మిల్లీగ్రాములు. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున ఏడాదంతా పీల్చిన బుడెసొనైడ్ మొత్తం కలిపితే 146 మిల్లీగ్రాములు. బుడెసొనైడ్ బరువుకు బరువు ఎక్కువ శక్తి గలదన్న మాట నిజమే, కానీ అది వాపు మీదే పడుతుంది, మింగిన భాగంలో అధిక శాతం కాలేయంలోనే చెదిరిపోతుంది. మాత్రలు ఒళ్లంతా తిరుగుతాయి. జీవితం మొత్తం మీద ఇలాంటి మాత్రల కోర్సులు నాలుగైదు పడ్డా షుగరు, ఎముకలు గుల్లబారడం, కంటిపొర ముప్పు పెరుగుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర నెలకోసారి డెక్సా సూది వేయించుకునే మనిషి పంపును చూసి భయపడటం మన వ్యవస్థ చెప్పని మాట వల్లే.

మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం బారులు తీరే జనం ఉబ్బసం రోగులే. ఆ మందు పనిచేస్తుందని చూపిన పరీక్ష లేదు. ఆ నమ్మకం మీద వాదన పెట్టుకోవడం ఈ లేఖ పని కాదు. ప్రభుత్వం అక్కడ కొరమీను పిల్లలు, తాగునీళ్లు, పోలీసు బందోబస్తు ఎలాగూ ఏర్పాటు చేస్తోంది. గేటు దగ్గర నాలుగు బల్లలు వేసి, పీక్‌ఫ్లో ఊదించి, పంపు పీల్చడం చూపించి, వాళ్ల ఊరి పీహెచ్‌సీ పేరు రాసిన చీటీ చేతిలో పెట్టండి. ఇంతమంది రోగులు తమంతట తాము ఒకచోటికి వచ్చే రోజు ఏడాదిలో ఇంకొకటి లేదు.

ఇక చివరిది, డబ్బా పెట్టె మీద అతికించడానికి. కంపెనీ ఇచ్చే ఇంగ్లిష్ కాగితం ఎవరూ చదవరు. సరఫరాదారు ఈ తెలుగు చీటీ అతికించి ఇవ్వాలని టెండరు షరతుల్లో పెట్టండి:

“ఇది ఉబ్బసం వాపు తగ్గించే పంపు. ఆయాసం లేకపోయినా డాక్టరు చెప్పినట్టు రోజూ పీల్చాలి. డబ్బాను కదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ ఒక్కసారి నొక్కి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి. స్పేసర్ ఉంటే దాన్నే వాడండి. పీల్చాక నోరు, గొంతు పుక్కిలించి ఉమ్మేయండి, మింగవద్దు. బాగుందని మీ అంతట మీరు మానేయవద్దు. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందకపోతే, పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయండి.”

ఇట్లు,
ఊపిరితిత్తుల వైద్యులు, పిల్లల వైద్యులు, ఫార్మసిస్టులు కొందరు